జిలుగు డబ్బా పక్కన నా చేతులు

మార్చి 4, సోమవారం

టీవీ వాళ్ళు నిజంగానే వచ్చారు.

ఈయన పొద్దున్నించీ "వస్తే వస్తారు, లేకపోతే లేదు, వాళ్ళ కోసం చిత్రిక ఆపుతానా" అంటూనే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కాతో చిత్రిక పట్టే వడ్రంగిని ఈ వీధిలో ఇంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

డైరెక్టరు ఒకావిడ. పొట్టి జుట్టు, చురుకైన మాట. ఆదివారాలు వచ్చే కార్యక్రమమట. పేరు "చెక్కా చెయ్యీ". ఒక్కోసారి ఒక్కో వస్తువు మొదటినించి చివరిదాకా చేసి చూపించాలి, చేస్తూ మాట్లాడాలి. ఈయనకి మాట్లాడమని ఒకరు చెప్పాలా, ఆపమని చెప్పాలి గాని.

నేను వెనక గదిలో ఒక కుర్చీ వీపుకి లక్క పాలిష్ రుద్దుతున్నాను. ఎవరో గుమ్మంలో నిలబడ్డట్టు వెలుతురు తగ్గింది. ఆవిడే. ఎంతసేపు నిలబడిందో తెలియదు.

"ఈవిడెవరు మేస్త్రిగారూ?"

"మా ఆవిడ. చెక్క నాది, మెరుపు ఆవిడది" అన్నారు ఈయన.

పెళ్ళయిననాటినించీ ఆయన కోసిన చెక్కకి నేను మెరుపు రుద్దుతూనే ఉన్నాను. ఆ మాట ఇవాళ మొదటిసారి విన్నాను.

"ఈ చేతులు నాకు కావాలి" అందావిడ, కొట్లో వస్తువు చూపించినట్టు.

"నేను మాట్లాడలేనండీ."

"మీరు మాట్లాడక్కర్లేదమ్మా. చేతులు చాలు."

సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగంలో నా చేతులే కనబడుతున్నాయి. దేవుడు నవ్వుకుని ఉంటాడు. కూర మాడింది, ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 6, బుధవారం

గంటకి తెలిసిపోయింది. మా ఆడపడుచు గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది కనుక చిన్నప్పటినించీ అందరూ దాన్ని గంట అనే పిలుస్తారు. దానికి తెలిసిందంటే ఇక ఎవరికీ చెప్పే శ్రమ లేదు.

"నువ్వు టీవీలోనా వదినా? నువ్వు మాట్లాడితే ఎదురుగా ఉన్న దేవుడికే చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవాల్సి వస్తుంది."

"నేను మాట్లాడను. చేతులే."

"అయితే గోళ్ళు చూసుకో. నల్లగా ఉంటే మా పుట్టింటి పరువు పోతుంది."

దాని కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకి ఈయన ఉయ్యాల తొట్టె చేస్తున్నారు. గంట దాన్ని తడిమి తడిమి చూసి, "పాలిష్ మాత్రం నేనే వేస్తాను, నా మనవరాలికి నా చెయ్యి పడాలి" అంది. మనవరాలే అని ఎలా తెలుసో.

నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకున్నాను.

మార్చి 11, సోమవారం

షూటింగ్ అయింది. వివరంగా రాసుకోవాలి, మర్చిపోతానేమో.

వచ్చీ రాగానే వాళ్ళ మనిషి ఒకడు నల్ల టేపు పట్టుకుని షాపంతా తిరిగాడు. ఏ కంపెనీ పేరు కనబడితే దాని మీద టేపు. డ్రిల్లు మీద, జిగురు సీసా మీద, గోడ ఫ్యాను మీద, ఆఖరికి ఈయన చెవి మీదున్న పెన్సిలు మీద.

"నా నుదుటి మీద కూడా అంటించు నాయనా, మా నాన్న పేరు కనబడుతుందేమో" అన్నారు ఈయన.

పేరు కనబడాల్సింది ఒక్కదానిదే. జిలుగు వార్నిష్ డబ్బాది. ఈ కార్యక్రమం ఖర్చంతా ఆ కంపెనీదేనట. బల్ల మీద సుద్దతో చిన్న గుండ్రం గీసి డబ్బాని అందులో నిలబెట్టారు. కంపెనీ తరఫున వచ్చినాయన మాటిమాటికీ వెళ్ళి దాన్ని వేలితో ఒక్క పిసరు తిప్పుతారు, అక్షరాలు కెమెరాకి ఎదురుగా ఉండాలని. ముట్టుకునే ముందు చెయ్యి రుమాలుతో తుడుచుకుంటారు. ఈయన అప్పటికప్పుడే ఆయనకి డబ్బాగారు అని పేరు పెట్టేశారు. మర్యాదస్తుడు. నన్ను మేడమ్ అంటున్నారు. ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి తిరిగి చూశాను.

పీట చెయ్యడం మొదలైంది. ఈయన కోశారు, చిత్రిక పట్టారు, కాళ్ళు దిగ్గొట్టారు, మధ్యలో జోకులు వేశారు. కెమెరా ఆయన కూడా నవ్వాడు. తరవాత నా వంతు. జిలుగు డబ్బాలో బ్రష్షు ముంచి పీట మీద పూయాలి. నేను బ్రష్షు పట్టి ఎన్నేళ్ళయిందో. నా పనంతా గుడ్డ ఉండతోనే. లోపల దూది, పైన పాత మెత్తటి నూలుగుడ్డ. లక్క స్పిరిట్లో కరిగించి, పల్చగా, సున్నాలు చుడుతూ, పూత ఆరాక మళ్ళీ పూత. అయినా చెయ్యి చెయ్యే కదా. పొడుగ్గా, ఆగకుండా లాగాను. "అబ్బ" అంది డైరెక్టరమ్మ కెమెరా వెనకనించి.

తరవాత ఆరాలి. ఆరదే. లైట్ల వేడికి పైన మీగడ కట్టింది, లోపల పచ్చిగానే ఉంది. వేలు పెడితే ముడత పడింది. ఫ్యాను పెట్టారు, దుమ్ము అంటుకుంది.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

రేపటికి కూడా ఆరదని నాకు తెలుసు. "లైట్లు చాలా వేడిగా ఉన్నాయండీ" అన్నాను.

అప్పుడు ఈయన ఊరుకోవచ్చు కదా. "దీని జోడు ఇంట్లో ఉంది. మా ఆవిడ వారంనించీ రుద్దుతోంది. దాంట్లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు."

డైరెక్టరమ్మ కళ్ళు మెరిశాయి. "వంటల కార్యక్రమాల్లో పొయ్యి మీద ఎక్కించే గిన్నె ఒకటి, దించే గిన్నె ఒకటి. అందరూ చేసేదే. తీసుకురండి."

ఈయన పరుగెత్తారు. ఈ వయసులో ఆయన పరుగెత్తగా ఇవాళే చూశాను. లక్క రుద్దిన పీట మీద గుడ్డ కప్పారు. నా చేతులు గుడ్డ తీశాయి. ఈయన పక్కనించి వాళ్ళు నేర్పిన మాట అన్నారు: "ఒక్క పూత, ఒక్క పూట. జిలుగు."

ఇదంతా జరిగేటప్పుడు డబ్బాగారు ఫోను పట్టుకుని వీధిలో ఉన్నారు. తిరిగొచ్చి పీట చూసి అలాగే నిలబడిపోయారు. "మా సరుకు ఇంత బాగుంటుందని నాకే తెలియదు మేడమ్" అన్నారు.

డైరెక్టరమ్మ నా వైపు చూసింది. నేను పీట వైపు చూశాను. ఎంత బాగుందో.

మార్చి 12, మంగళవారం

నేను నోరు విప్పలేదు. బ్రష్షు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. గుడ్డ తియ్యమన్నారు, తీశాను.

మార్చి 17, ఆదివారం

వచ్చింది. టీవీలో వచ్చింది.

గంట వాళ్ళింట్లో పెద్ద టీవీ ఉందని అందరం అక్కడికే వెళ్ళాం. ఈయన మొహం కనబడగానే గంట ఈల వేసింది. నా చేతులు వచ్చేసరికి అందరూ ముందుకి వంగారు. ఆ చేతులు నావని నాకే నమ్మకం కలగలేదు. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు ఇవి ఇలా ఉండవు. పక్కన జిలుగు డబ్బా, దాని మీద బంగారు రంగు అక్షరాలు. వెనక సన్నగా వేణువు పెట్టారు. గుడ్డ తీసినప్పుడు పీటలో కిటికీ వెలుతురు మెరిసింది. గంట కూతురు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని "అత్తయ్యా, ఏడుపొస్తోంది" అంది.

ఈయన నా వైపు వంగి మెల్లిగా, "చూశావా, నీకు టీవీ చెయ్యి ఉంది" అన్నారు.

రోడ్డు మీద నడుస్తూ ఇంటికి వచ్చేదాకా చీర కొంగులో చేతులు చుట్టుకునే ఉన్నాను, చలి లేకపోయినా.

మార్చి 20, బుధవారం

కూరగాయల కొట్టు ఆవిడ వంకాయలు ఏరుతున్న నా వేళ్ళు చూసి, "మీరు జిలుగమ్మ కదూ" అంది. మొహం చూసి కాదు. వేళ్ళు చూసి.

షాపుకి మనుషులు వస్తున్నారు. రెడీమేడ్ మంచాలొచ్చాక ఈయన మధ్యాహ్నాలు బల్ల మీద పడుకుని గోడ చూసేవారు. ఇప్పుడు పడుకోవడానికి బల్ల ఖాళీ లేదు. పొద్దున్నే జుట్టుకి నూనె పెడుతున్నారు. రంపం లాగుతూ పాడుతున్నారు. శ్రుతి మాత్రం ఎప్పటిలాగే లేదు.

దేవుడా, చాలా సంతోషంగా ఉంది. పీట సంగతి నీకు తెలియనిది కాదు. అందుకే విడిగా చెప్పలేదు.

మార్చి 25, సోమవారం

రెండోది పుస్తకాల అర. ఈసారి ముందే చెప్పారు, ఒకటి ఇంటి దగ్గర తయారు చేసి ఉంచమని. లక్క పట్టించి పెట్టాను. డబ్బా ఖాళీ చేసి తెచ్చారు, నిండుగా ఉంటే ఎత్తినప్పుడు నా మణికట్టు కదులుతోందని. ఖాళీ డబ్బాలో బ్రష్షు ముంచాను.

నోరు విప్పలేదు.

డబ్బాగారు వాళ్ళమ్మ గురించి చెప్పారు. మంచం మీదనించి లేవలేదట. ఆదివారం నా చేతులు వచ్చే వేళకి దిండు ఎత్తుగా పెట్టించుకుందట. "మా అమ్మ చేతుల్లాగే ఉంటాయి మేడమ్" అన్నారు. ఆయనకి ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఏప్రిల్ 2, మంగళవారం

డబ్బాగారు, డైరెక్టరమ్మ ఇంటికి వచ్చారు. డబ్బా మీద నా బొమ్మ వేస్తారట. చేతులు కాదు, మొహం. ఆ బొమ్మ ఉన్న మొదటి సరుకు మార్కెట్లోకి వచ్చే రోజు పెద్ద హాల్లో జనం ముందు చేసి చూపించాలి. దానికంటే ముందు, వచ్చే షూటింగులో ఒకే ఒక మాట చెప్పాలి. కాగితం మీద రాసి తెచ్చారు. "మా ఇంట్లో వాడేది జిలుగే."

"ఒక్క మాటే మేడమ్" అన్నారు డబ్బాగారు.

ఈయనకి వేరే వరం ఇచ్చారు. గంటసేపు ఒక్క మంచమే చూపిస్తారట, తలవైపు పలక మీద చెక్కడంతో సహా. తన తండ్రి చెక్కిన తీగెలు, చిలకలు ఎవరూ అడగడం లేదని ఈయనకి ఎప్పటినించో దిగులు. డైరెక్టరమ్మ అది చెప్పగానే ఈయన గబుక్కున లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు.

వాళ్ళు వెళ్ళాక అద్దం ముందు నిలబడి మొహం చూసుకున్నాను. డబ్బా మీద గుండ్రంగా ఉంటుంది కనుక బుగ్గలు ఇంకా లావుగా కనిపిస్తాయేమో. బొట్టు కాస్త పెద్దది పెట్టుకోవాలి.

ఆ మాట మాత్రం పైకి అని చూడలేదు.

ఏప్రిల్ 4, గురువారం

డైరెక్టరమ్మ షాపులో కూర్చుని, ప్రేక్షకుల ఫోన్లు రికార్డు చేసినవి మాకు సరదాగా వినిపించింది. అన్నీ మెచ్చుకోళ్ళే. మధ్యలో కొన్ని దాటించేస్తోంది. "అవేమిటండీ" అని అడిగాను.

"ఏం లేదమ్మా, చేతకానివాళ్ళవి."

వినిపించమన్నాను. ఒకావిడ: "అమ్మ చేసినట్టే చేశానండీ, నాది అంబలిలా అయింది. నా తప్పేమిటో అమ్మని అడిగి చెప్పండి." ఒక పెద్దాయన: "మా ఆవిడ గుర్తుగా ఉన్న పెట్టె అండీ. పూత పూశాను. మూత అతుక్కుపోయింది. నా చెయ్యే సరిగా లేదు, వయసు." ఇంకొకావిడ: "బ్రష్షు పట్టుకోవడం తప్పా, గాలి తగలనివ్వడం తప్పా అండీ."

డబ్బాని ఒక్కరూ తిట్టలేదు. అందరూ తమ చేతుల్నే తిట్టుకుంటున్నారు.

"చూశారా, మీరంటే ఎంత నమ్మకమో" అంది డైరెక్టరమ్మ.

ఏప్రిల్ 5, శుక్రవారం

కొత్త చీర మీదికి జాకెట్టు కుట్టడానికి ఇచ్చాను. నీలం. లైట్లకి నీలం బాగుంటుందట.

ఏప్రిల్ 7, ఆదివారం

గంట పిలిపించింది. గొంతు వినబడలేదు, పక్కింటి పిల్లని పంపింది. అప్పుడే భయం వేసింది.

గది తలుపు దగ్గరికి వేసి చూపించింది. ఉయ్యాల తొట్టె. ఈయన చెక్కిన సన్నటి కడ్డీలు ఒక్కొక్కటీ జిగటగా, ముడతలు ముడతలుగా, బెల్లం పాకం పోసినట్టు. లోపల పరిచిన మెత్తటి గుడ్డ అంటుకుపోయి, లాగితే నూగు కడ్డీకే ఉండిపోయింది. ఈగ ఒకటి అతుక్కుని ఉంది. ఎప్పుడు పూసిందో అడిగాను. పోయిన వారమట. నాకు చెప్పకుండా, నన్ను ఆశ్చర్యపరుద్దామని.

"అచ్చు నీలాగే లాగాను వదినా. టీవీ ఆపి ఆపి చూశాను. నా చెయ్యి మంచిది కాదు" అంది. గంట అంత మెల్లిగా మాట్లాడగలదని నాకు తెలియదు. "పుట్టబోయేదానికి మొదటి వస్తువు. నా చెయ్యి పడాలని పట్టుబట్టాను చూడు. అన్నయ్యకి చెప్పకు. నువ్వు మళ్ళీ పుయ్యి. నీ చెయ్యి నీదే."

"పచ్చిగా ఉంది, ఆరనీ" అన్నాను.

అన్నాను. అంతే అని ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్ 8, సోమవారం

ప్రార్థన కుదరలేదు. కళ్ళు మూసుకుంటే కడ్డీకి అంటుకున్న నూగే కనబడింది. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను.

"అది నీ చెయ్యి తప్పు కాదు. టీవీలో పీట జిలుగుది కాదు. నేను లక్క రుద్దింది. అర కూడా అంతే. ఈ డబ్బా మా ఇంట్లో ఎప్పుడూ వాడలేదు" అన్నాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనేమోనని.

గంట తొట్టె మీదనించి చెయ్యి తీసింది.

"టీవీలో నోరు మూసుకున్నావు, సరే. నిన్న ఇక్కడికొచ్చి, దీన్ని కళ్ళారా చూసి, ఆరనీ అని వెళ్ళిపోయావు చూడూ."

"అవును."

"నేను రాత్రి అన్నం తినలేదు తెలుసా. నా చెయ్యి దరిద్రపు చెయ్యి అనుకుని."

"అవును" అన్నాను మళ్ళీ.

"అవునవును అంటావేమిటి, గడ్డివాము దగ్గర ఆవులా." అప్పుడు మళ్ళీ దాని గొంతు దానికి వచ్చింది. వీధిలో వెళ్ళేవాళ్ళు తల తిప్పారు. నన్ను తిట్టింది, అన్నయ్యని తిట్టింది, డైరెక్టరమ్మ పొట్టి జుట్టుని తిట్టింది. తిట్టి తిట్టి, "సరే, ఆ గీకుడు రేకు ఎక్కడుంది" అంది.

ఇద్దరం కూర్చుని గీకాం. మధ్యాహ్నానికి చీరల నిండా గోధుమరంగు పొట్టు. గుడ్డ ఉండ ఎలా చుట్టాలో చూపించాను, చూపుడు వేలు ఎంత నొక్కాలో చూపించాను. దాని మొదటి పూతే నా మొదటి పూత కంటే బాగుంది. చెప్పాను. "అబద్ధం చెప్పకు, నీకిప్పుడు అలవాటైంది" అంది. నవ్వి నవ్వి నాకు పొలమారింది. చాలా రోజుల తరవాత ఆకలి వేసింది.

ఏప్రిల్ 10, బుధవారం

షూటింగు. నీలం చీర.

"మా ఇంట్లో" అన్నాను. ఆగిపోయాను. మళ్ళీ అన్నాను, "మా ఇంట్లో వాడేది." తరవాత మాట రాదు. ఎన్నిసార్లు చేశామో. కెమెరా ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు. ఈయన పక్కనించి "కానీయవే, ఒక్క మాటే" అంటున్నారు. బల్ల మీద మంచం బొమ్మ గీసిన అట్ట పెట్టుకుని ఉన్నారు.

చివరికి డైరెక్టరమ్మని పక్కకి పిలిచి చెవిలో చెప్పాను. "ఆ మాట నేను అనలేనండీ. నిజం కాదు కదా. జనం చేతులు పాడుచేసుకుంటున్నారు, వస్తువులు పాడుచేసుకుంటున్నారు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నా భుజం తట్టింది. "సరే అమ్మా. మాట వద్దు. చేతులు చాలు."

ఇంత తేలికా. దీనికి ఇన్నాళ్ళు భయపడ్డాను. ఇంటికి వస్తూ ఈయనకి కూడా చెప్పేశాను. ఈయన ముక్కు చీది, "పోనీలే, మంచం ఉంది కదా" అన్నారు.

దేవుడా, గట్టెక్కించావు.

ఏప్రిల్ 14, ఆదివారం

గంట వాళ్ళింటి టీవీలో నా చేతులు వచ్చాయి. పక్కన డబ్బా. వేణువు. తరవాత ఒక ఆడగొంతు, తియ్యగా, నిండుగా, బాగా చదువుకున్నట్టు: "మా ఇంట్లో వాడేది జిలుగే."

అందరూ నా వైపు తిరిగారు. గంట కూడా.

ఈయనే ముందు లేచారు. "ఎవతె గొంతు అది? నా పెళ్ళాం గొంతు నాకు తెలియదా? చేతులు దీనివి, గొంతు ఎవతెదో తెచ్చి అతికిస్తారా?" ఫోను తీసుకుని వసారాలోకి వెళ్ళారు. డైరెక్టరమ్మకి చెడామడా వినిపించారు. పీట మార్చినప్పుడు పరుగెత్తింది ఈయనే. ఆ రోజు ఏమీ అనిపించలేదు. ఇవాళ చొక్కా గుండీలు ఊడేట్టు ఊగిపోయారు.

నేను నోరు విప్పలేదు అని ఇన్నాళ్ళూ ఈ డైరీలో రాసుకుంటూ వచ్చాను. విప్పి వద్దంటే కూడా ఇంకొకరి నోరు తెచ్చి పెట్టుకున్నారు. నేను ఖాళీగా ఉంచిన చోటేగా అది.

ఏప్రిల్ 16, మంగళవారం

ఈయన కోపం చల్లారింది. డైరెక్టరమ్మ వచ్చి క్షమించమంది, మంచం షూటింగుకి తారీఖు చెప్పి వెళ్ళింది. "టీవీ అంటే అంతేలేవే, వాళ్ళ తంటాలు వాళ్ళవి" అన్నారు. తలవైపు పలకకి చెక్క తెప్పించారు. దాన్ని నిమురుతున్నప్పుడు ఆయన మొహం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు.

హాల్లో చూపించడం ఈ శనివారం. చెక్క పళ్ళేలు ఇంటి దగ్గరే తయారు చేసి ఉంచమన్నారు.

గంట అడిగింది, "మళ్ళీ వెళ్తావా వాళ్ళ దగ్గరికి?"

"మాట ఇచ్చాం కదా" అన్నాను.

ఏప్రిల్ 18, గురువారం

రోజంతా పళ్ళేలు రుద్దుతున్నాను. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. లక్క కూడా చెప్పినట్టు వింటోంది. మాట ఇచ్చాం కనుక వెళ్తున్నాను, అంతే. గుండె మాత్రం పెళ్ళిచూపుల నాటిలా కొట్టుకుంటోంది.

ఏప్రిల్ 20, శనివారం

ఇవాళ్టిది ఉన్నది ఉన్నట్టు రాయాలి.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టడానికి వచ్చారు. వెనక వరసల్లో మాత్రం చాలామంది ఒళ్ళో ఏదో ఒకటి పెట్టుకుని కూర్చున్నారు. పీటలు, చిన్న పెట్టెలు, బొమ్మ గుర్రం ఒకటి. దూరంనించే తెలిసింది నాకు, ఆ జిగట మెరుపు. నన్ను అడుగుదామని తెచ్చుకున్నారు, తామేం తప్పు చేశామో.

వేదిక మీద మనిషి ఎత్తు డబ్బా. దాని మీద నా మొహం. బుగ్గలు లావుగానే ఉన్నాయి. డబ్బాగారు వాళ్ళమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ముందు వరసలో పెట్టారు. ఆవిడ నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. అప్పుడు నా ధైర్యం సగం పోయింది.

ఈయన మైకు పట్టుకుని జనాన్ని నవ్వించారు. నా చీరకి ఒక చిన్న మైకు తగిలించారు, పూసేటప్పుడు బ్రష్షు చప్పుడు వినబడాలట. పూశాను. తరవాత పళ్ళెం మీద గుడ్డ తీశాను. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. చప్పట్లు ఆగేదాకా తల వంచుకుని నిలబడ్డాను. ఆగాక తల ఎత్తాను.

"ఈ పళ్ళేనికి ఈ డబ్బాలోది ఒక్క చుక్క కూడా తగల్లేదు" అన్నాను. "ఇది లక్క. ఇంటి దగ్గర గుడ్డతో రోజుల తరబడి రుద్దాను. పీట కూడా అంతే. అర కూడా అంతే. మీ చేతుల్లో."

అక్కడికి నా మైకు చచ్చిపోయింది. పక్కన డైరెక్టరమ్మ ఎవరికో వేలు ఊపడం చూశాను. ముందు వరసల వాళ్ళకి సగం వినబడింది, వెనక వాళ్ళకి ఏమీ వినబడలేదు. డబ్బాగారికి మాత్రం అంతా వినబడింది. పాపం, ఆయన మొహం. డబ్బా మీది నా బొమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు, వాళ్ళమ్మ వైపు చూశారు.

నేను మళ్ళీ అన్నాను, మైకు లేకుండా. నా గొంతు సంగతి తెలిసిందే.

వెనకనించి ఎవరో ఆవిడ లేచి నిలబడింది, చంకలో పీటతో. "వినబడటం లేదమ్మా, ఏమంటున్నారు?"

ఇంకొకరు లేచారు. "వినబడలేదు."

ఈయన నా పక్కనే ఉన్నారు. చేతిలో ఆయన మైకు బతికే ఉంది. ఆయన ఊపిరి కూడా హాలంతా వినిపిస్తోంది. డైరెక్టరమ్మ ఆయనకి కళ్ళతో ఏదో చెబుతోంది. మంచం, ఆ తీగెలు, చిలకలు, ఆయన తండ్రి చెయ్యి, అన్నీ ఆయన కళ్ళలో తిరగడం నేను చూశాను. ఒక జోకు వేస్తే చాలు, అందరూ నవ్వేస్తారు, ఆయనకి చేతనవును. నోరు తెరిచారు కూడా.

ఆ మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టారు. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నారు.

"మళ్ళీ చెప్పు" అన్నారు. "ఇందాక ఆపిన దగ్గరినించి."

"మీ చేతుల్లో ఏ తప్పూ లేదు" అన్నాను.

నా గొంతు హాలు చివరి గోడకి తగిలి తిరిగి నా దగ్గరికి వచ్చింది. అంత పెద్దదిగా దాన్ని నేనెప్పుడూ వినలేదు. వెనక వరసలో ఆవిడ పీటని చంకలోనించి తీసి, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

"ఇంకోసారి చెప్పండమ్మా" అంది.

చెప్పాను.